46 ముక్కల పెట్టెలో పనికొచ్చేవి పది

తిరుపతిలో ఏ హార్డ్‌వేర్ కొట్టుకు పోయినా, ఫోన్లో ఏ షాపింగ్ యాప్ తెరిచినా ఈ మధ్య ‘హోం టూల్ కిట్’ అనే ప్లాస్టిక్ పెట్టె తప్పకుండా ఎదురవుతోంది. మూత తెరిస్తే ఒక్కో వస్తువుకు ఒక్కో గుంత, అన్నీ వరసగా మెరుస్తూ ఉంటాయి. మేం పరీక్షకు తీసుకున్న దాని ధర 899 రూపాయలు. మూత మీద ‘46 పీసెస్’ అని పెద్దక్షరాలు. బ్రాండు పేరు చెప్పడం లేదు. ఒకే అచ్చులో పోసిన పెట్టె పది పేర్లతో అమ్ముడవుతోంది కాబట్టి పేరు చెప్పినా మీకు పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ముందు ఆ 46 లెక్క. స్క్రూడ్రైవర్ బిట్లు 20, నట్లు తిప్పే చిన్న సాకెట్లు 9, ఎల్ ఆకారంలో వంగిన అలెన్ కీలు 8. అంటే 37 అక్కడికే అయిపోయాయి. మిగిలిన తొమ్మిది: బిట్లు పెట్టుకునే పిడి, కటింగ్ ప్లేయర్, 6 అంగుళాల పానా, సుత్తి, టెస్టర్, 3 మీటర్ల కొలత టేపు, కాగితాలు కోసే కట్టరు, ఇన్సులేషన్ టేపు చుట్ట, చూపుడువేలంత రసమట్టం. ఇల్లు నడవడానికి కావలసినవి ఎక్కువగా ఈ తొమ్మిదిలోనే ఉన్నాయి. ఆ 37లో చాలావరకు అంకె పెంచడానికి ఉన్నవి.

వస్తువుల్ని విడివిడిగా పొగిడి, తిట్టి లాభం లేదు. ఇంట్లో మాటిమాటికీ వచ్చే పనులు తీసుకుని, ఈ పెట్టె ఒక్కటీ చేతిలో ఉంటే అవి పూర్తవుతాయా అని చూశాం. కొళాయి కారడం, ఫ్యాను నెమ్మదించడం, ప్లగ్గు కాలడం, కత్తి మొండిబారడం, సింకు నిండడం. వీటిలో ఏదీ అరగంట మించి నేర్చుకోవాల్సిన విద్య కాదు. చేతికి సరైన వస్తువు లేకపోతే మాత్రం ఆ అరగంట మధ్యాహ్నం దాకా సాగి, చివరికి ప్లంబరుకు ఫోను చేయాల్సి వస్తుంది.

కొళాయితో మొదలుపెట్టాం. పెట్టె మొదట ఫెయిలైంది కూడా అక్కడే.

కారే కొళాయిని చూడగానే పానా తీయకూడదు. ఎక్కడ కారుతోందో చూడాలి. కట్టేసిన తర్వాత కూడా మూతిలోంచి చుక్కలు పడుతుంటే లోపల వాషర్ పోయింది. తెరిచినప్పుడు మాత్రమే పిడి కింద నుంచి ఊరుతుంటే అది స్పిండిల్, అంటే పిడితో పాటు తిరిగే లోపలి కడ్డీ, చుట్టూ ఉండే రింగు పని. గోడలోకి దిగే చోట తడి కనిపిస్తే మర మీద చుట్టిన టెఫ్లాన్ టేపు వదిలింది. మూడూ వేరు వేరు జబ్బులు. మనవాళ్ళు మూడింటికీ ఒకటే మందు వేస్తారు, ఇంకా గట్టిగా బిగించడం. వాషర్ పోవడానికి సగం కారణం అదే. రబ్బరును ఇత్తడి అంచు మీద రోజూ నలిపితే గుండ్రంగా గాడి పడుతుంది, ఆ గాడిలోంచి నీళ్ళు దారి చేసుకుంటాయి. ఇంకా బిగిస్తే గాడి ఇంకా లోతవుతుంది.

నాలుగైదు చుట్లు తిప్పితే గానీ పూర్తిగా తెరుచుకోనిది పాత రకం. అందులో వాషర్ మార్చడం ఇలా. మిద్దె మీద ట్యాంకు నుంచి దిగే పైపుకు గేట్‌వాల్వ్ ఉంటుంది, అది కట్టాలి. బాత్రూములో గోడకు స్టాప్‌కాక్ ఉంటే అది కడితే చాలు. కొళాయి తెరిచి పైపులో మిగిలిన నీళ్ళు పోనివ్వాలి. పిడి మీద ఉండే చిన్న మూతను కట్టరు మొనతో లేపితే కింద ఒక స్క్రూ కనిపిస్తుంది. అది విప్పితే పిడి ఊడుతుంది. ఇప్పుడు చాలామంది మరిచిపోయే సంగతి: స్పిండిల్‌ను సగం తెరిచిన స్థితిలో ఉంచి, ఆ తర్వాతే ఆరు పలకల పెద్ద నట్టును ఎడమవైపు తిప్పాలి. కట్టేసి ఉన్నప్పుడు తిప్పితే వాషర్ అడుగున నొక్కుకుని ఉండి నట్టు కదలదు, లేదా కదిలి మరను కొరుకుతుంది.

స్పిండిల్ చేతికి వచ్చాక దాని చివర నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది. కొన్నింట్లో చిన్న నట్టుతో, కొన్నింట్లో ఊరికే నొక్కి పెట్టి ఉంటుంది. దాన్ని జేబులో వేసుకుని కొట్టుకు పోవాలి. ‘అర అంగుళం వాషర్ ఇవ్వన్నా’ అని నోటితో అడిగితే మందం తేడా వచ్చే ప్రమాదం ఉంది, పాతది చూపిస్తే రాదు. ఐదు పది రూపాయల వస్తువు. కొత్తది పెట్టే ముందు చూపుడువేలు కొళాయి లోపల పెట్టి, వాషర్ ఆనే ఇత్తడి అంచును తడిమి చూడండి. నున్నగా ఉంటే సరే. గోటికి తగిలేంత గుంట ఉంటే కొత్త వాషర్ కూడా కొన్నాళ్ళకే పోతుంది, అప్పుడు కొళాయి మార్చడమే దారి.

ఇంతకీ పెట్టె ఎక్కడ ఆగింది? ఆ ఆరు పలకల నట్టు దగ్గర. పెట్టెలోని 6 అంగుళాల పానా మూతి పూర్తిగా తెరిస్తే 20 మిల్లీమీటర్లు. మామూలు అర అంగుళం కొళాయి నట్టు అంతకంటే పెద్దది. పానా పట్టనే పట్టదు. పట్టిన చోట కూడా దవడ అటూ ఇటూ ఊగి నట్టు అంచుల్ని గుండ్రంగా అరగదీస్తుంది. అలా ఒకసారి అరిగిన నట్టుకు ఇక ఏ పానా సరిగా పట్టదు. ఈ పనికి కావలసింది 10 అంగుళాల పానా, అది విడిగా కొనాల్సిందే. దవడల మధ్య పాత బనియను గుడ్డ ముక్క పెట్టి పట్టుకుంటే క్రోమియం పూత గీరుకుపోదు.

సగం తిప్పితేనే తెరుచుకునే కొత్త రకంలో వాషర్ ఉండదు. రెండు పింగాణీ బిళ్ళలు ఒకదాని మీద ఒకటి జారే కార్ట్‌రిడ్జ్ ఉంటుంది. పిడి వెనక సూదిమొనంత రంధ్రంలో ఒక స్క్రూ, దానికి 2 నుంచి 3 మిల్లీమీటర్ల అలెన్ కీ. పెట్టెలో ఎనిమిది కీలు ఎందుకు అనుకున్నాం గానీ, 2.5 మిల్లీమీటర్లది ఇక్కడ అక్కరకొచ్చింది. కార్ట్‌రిడ్జ్ పోవడానికి మామూలు కారణం ఇసుక రేణువు. ట్యాంకు కడిగించిన రోజు, బోరు మోటారు రిపేరు చేయించిన రోజు అడుగున ఉన్న ఇసుక పైపుల్లోకి దిగుతుంది. ఆ రోజు ముందు పెరట్లో కొళాయి తెరిచి రెండు బకెట్లు వదిలేసి, తర్వాతే లోపలివి వాడాలి. మార్చాల్సి వస్తే దీన్ని కూడా పాతది పట్టుకుని వెళ్ళే కొనాలి. పిడి కూర్చునే పళ్ళ సంఖ్య ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. ఎడమవైపు తిరిగేది, కుడివైపు తిరిగేది అనే తేడా కూడా ఉంటుంది. మార్చిపెడితే కొళాయి తిరగబడి పనిచేస్తుంది.

ఇక టెఫ్లాన్. పెట్టెలో ఇన్సులేషన్ టేపు పెట్టిన మహానుభావులు పదిహేను రూపాయల టెఫ్లాన్ చుట్ట పెట్టలేదు. ఇంట్లో దీనికంటే ఎక్కువ వాడే చుట్ట ఇంకొకటి లేదు. చుట్టే విధానంలోనే అంతా ఉంది. మర ఉన్న కొనను మీ ముఖం వైపు తిప్పుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కున చుట్టాలి. వ్యతిరేకంగా చుడితే బిగించేటప్పుడు టేపు వెనక్కి ముడుచుకుని ఉండలా బయటికొస్తుంది. మొదటి మరను వదిలేసి, టేపును కొంచెం లాగి పట్టి, గాడుల్లో కూర్చునేలా 10 నుంచి 12 చుట్లు. ప్లాస్టిక్ మరలోకి అయితే ఒకటి రెండు తగ్గించాలి. మందం ఎక్కువై బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది, పగిలేది గోడ లోపల. అప్పుడు టైల్స్ కొట్టాల్సి వస్తుంది.

చేత్తో మూడు చుట్లు హాయిగా తిరిగి, ఆ తర్వాత పానాతో ఒకటి, ఒకటిన్నర చుట్టు కష్టంగా తిరిగితే సరిగ్గా చుట్టినట్టు. కొళాయి మూతి కిందికి రావాల్సిన చోట ఆగకుండా కొంచెం పక్కకు పోయిందనుకోండి. వెనక్కి తిప్పి సరిచేయాలని అనిపిస్తుంది. అక్కడే చేయి ఆపాలి. వెనక్కి తిప్పిన టెఫ్లాన్ తిరిగి మూసుకోదు, అరగంటలో ఊరడం మొదలవుతుంది. మొత్తం విప్పి, పాత టేపు గీకేసి, రెండు చుట్లు ఎక్కువగానో తక్కువగానో మళ్ళీ చుట్టాలి.

తిరుపతి కార్పొరేషన్ కొళాయిలో కల్యాణి డ్యాము, తెలుగుగంగ నీళ్ళొచ్చినా శివార్లలో, కొత్త అపార్ట్‌మెంట్లలో చాలామంది బోరు నీళ్ళ మీదే బతకాలి. ఆ నీళ్ళతో కొళాయి మూతిలో జాలి తెల్లగా సున్నం కట్టి, ధార పక్కకు చీలుతుంది. కొళాయి పాడైందనుకుని మార్చేస్తారు. జాలిని చేత్తో, రాకపోతే గుడ్డ చుట్టి కటింగ్ ప్లేయర్‌తో విప్పి, పావు లీటరు వేడినీళ్ళలో చెంచాడు నిమ్మఉప్పు కలిపి గంట నానబెట్టి పాత బ్రష్షుతో రుద్దితే సరిపోతుంది. షవర్ తలకు కూడా ఇదే. బాత్రూము కడిగే యాసిడ్ మాత్రం దీనికి వాడొద్దు, క్రోమియం పూతను తినేస్తుంది. ఆ యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో కలిపితే క్లోరిన్ గ్యాసు లేస్తుంది, చిన్న బాత్రూములో అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఫ్యాను పనిలో పెట్టె కాస్త పరువు దక్కించుకుంది.

మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటి, ఫ్యాను ఐదులో పెట్టినా సోమరిగా తిరుగుతుంటే నూటికి తొంభై మంది ‘కండెన్సర్ పోయింటుందిలే’ అంటారు. చాలాసార్లు నిజమే. నిర్ధారణకు చిన్న పరీక్ష ఉంది. స్విచ్ ఆపి, రెక్కను ఒక్క వేలితో తోయండి. తేలికగా చాలాసేపు తిరిగితే బేరింగు బాగుంది, కండెన్సర్ బలహీనపడింది. బిరుసుగా, గరగరమంటూ రెండు చుట్లకే ఆగితే బేరింగు. అది ఇంట్లో చేసే పని కాదు, దించి ఇవ్వాల్సిందే. స్విచ్ వేస్తే హుమ్మని శబ్దం వచ్చి కదలకుండా ఉండి, కర్రతో తోస్తే తిరగడం మొదలుపెడితే కండెన్సర్ పూర్తిగా పోయినట్టు. రిమోటుతో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్లలో ఈ కండెన్సర్ ఉండదు. వాటికి ఈ పరీక్ష, ఈ మందు రెండూ వర్తించవు.

కండెన్సర్ మీద 2.5 మైక్రోఫారడ్, 440 వోల్టులు అని ఉంటుంది. కొన్ని ఫ్యాన్లకు 2.25, కొన్నింటికి 3.15. పాతదాని మీద ఏముంటే అదే కొనాలి. పెద్దది వేస్తే స్పీడు పెరుగుతుందని ఒక నమ్మకం ఉంది. కొంచెం పెరిగినట్టే అనిపిస్తుంది, తర్వాత లోపల వైండింగు వేడెక్కి కాలుతుంది. అరవై రూపాయలతో పోయేది కాయిల్ దాకా తెచ్చుకోవడం ఎందుకు.

మార్చే ముందు గోడ స్విచ్ ఆపితే చాలదు. డిస్ట్రిబ్యూషన్ బోర్డులో ఆ గదికి కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్ దించాలి. స్విచ్ వైరింగులో ఎవరైనా ఫేజుకు బదులు న్యూట్రల్‌ను స్విచ్‌కు ఇచ్చి ఉంటే, స్విచ్ ఆపినా ఫ్యాను దగ్గర కరెంటు ఉంటుంది. పాత ఇళ్ళలో ఇది అరుదేమీ కాదు. తర్వాత టెస్టర్. ముందు కరెంటు ఉందని తెలిసిన వేరే సాకెట్లో పెట్టి వెలుగుతోందో లేదో చూసుకోవాలి. పోయిన టెస్టర్ ఎక్కడ పెట్టినా వెలగదు, దాన్ని నమ్మి చేయి పెట్టేవాళ్ళు ఉన్నారు. సాకెట్ కుడి వైపు రంధ్రంలో మొన పెట్టి, వెనక లోహపు టోపీ మీద వేలు ఆనించాలి. చెప్పుల్లేకుండా తడి నేల మీద నిలబడి ఈ పని చేయకూడదు.

పెట్టెలోని టెస్టర్ వెలుగుతుంది గానీ, పగటిపూట కిటికీ పక్కన ఆ వెలుగు కనబడదు. చేత్తో నీడ పట్టాల్సి వస్తుంది. దాని మొనతో స్క్రూలు బిగించే ప్రయత్నం చేస్తే మొన మెలితిరుగుతుంది, అది ఇక సాకెట్ రంధ్రంలో సరిగ్గా దూరదు. టెస్టర్‌ను టెస్టర్‌గానే వాడండి. ఎంసీబీ దించాక కూడా ఫ్యాను వైరు దగ్గర టెస్టర్ మసకగా వెలిగిందంటే ఇక మన పని కాదు. మూసేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

ఆరిపోయిందని తేలాక, చెక్క స్టూలు మీద నిలబడి రాడ్డుకున్న కింది కప్పును, దాని పక్కనున్న స్క్రూ వదులు చేసి పైకి జరపాలి. కండెన్సర్ అక్కడే ఉంటుంది, చేదబావి గిలకంత కూడా ఉండదు, చిన్న డబ్బీలా. ముందు ఫోనుతో ఒక ఫోటో తీయండి, ఏ వైరు ఎక్కడుందో తర్వాత తగాదా ఉండదు. కరెంటు ఆపినా కండెన్సర్‌లో కొంత నిలవ ఉంటుంది. పిడి పొడిగా ఉన్న స్క్రూడ్రైవర్‌తో రెండు కొనల్ని ఒకసారి కలిపి తాకిస్తే చిటుక్కుమని పోతుంది. పాతది విప్పి అదే రెండు చోట్ల కొత్తదాని వైర్లు బిగించి, వైరు జుట్టు పోగుల్లా బయటికి రాకుండా చూసి, కప్పు కిందికి దించి స్క్రూ బిగిస్తే అయిపోయింది. రెండు వైర్లలో ఏది ఎటు పెట్టినా ఫరవాలేదు. మొదటిసారి చేసేవాళ్ళకు ఇరవై నిమిషాలు, రెండోసారికి ఎనిమిది.

ఈ పనిలో పిడి, కూడిక గుర్తు మొన ఉండే పీహెచ్2 బిట్టు, టెస్టర్ బాగా పనిచేశాయి. కటింగ్ ప్లేయర్ దగ్గర ఒక హెచ్చరిక. దాని ఎర్ర ప్లాస్టిక్ తొడుగు చూసి కరెంటు పనికి ధైర్యం చేయొద్దు. కరెంటు పనికి తయారుచేసిన దాని మీద రెండు త్రిభుజాల గుర్తు, 1000 వోల్టుల ముద్ర ఉంటాయి. పెట్టెలోని దాని మీద అవేవీ లేవు. చేతి పట్టుకు వేసిన తొడుగే తప్ప రక్షణ కాదు.

ఇస్త్రీపెట్టె, గీజరు ప్లగ్గు కాలి నల్లబడడానికి కారణం చాలాసార్లు స్క్రూ వదులు కావడం. వదులైన చోట వేడి పుడుతుంది, వేడికి స్క్రూ ఇంకా వదులవుతుంది. కాలిన ప్లగ్గును టేపు చుట్టి వాడేవాళ్ళకు ఈ పెట్టెలో ఇన్సులేషన్ టేపు ఉండడం నిజానికి ప్రమాదకరం. ప్లగ్గు మార్చాలి. కాలిన వైరు కొన ఒక అంగుళం తెంపేసి, పై తొడుగు తీసి, గోధుమ రంగు వైరు ఎల్ గుర్తున్న చోట, నీలం ఎన్ దగ్గర, ఆకుపచ్చ పసుపు చారలది పెద్ద పిన్నుకు. ఆ ఎర్త్ వైరును మిగతా రెంటి కంటే కొంచెం పొడవు వదలాలి. ఎవరైనా కాలికి తట్టుకుని లాగితే ఎర్త్ ఆఖరున ఊడాలి గానీ మొదట ఊడకూడదు. పోగుల్ని మెలిపెట్టి, స్క్రూ బిగిసే దిక్కునే చుట్టి బిగించాలి. లోపలి క్లాంపు వైరు పై తొడుగును పట్టుకోవాలి. రంగు వైర్ల మీద బిగిస్తే లాగుడంతా స్క్రూల మీద పడుతుంది. తొడుగు తీయడానికి కట్టరు వాడితే లోపలి రాగి పోగులు సగం తెగుతాయి. ప్లేయర్ పళ్ళతో మెల్లగా నొక్కి చుట్టూ తిప్పి లాగడం మేలు. గీజరుకు 16 యాంపియర్ల ప్లగ్గే ఉండాలి, చిన్న 6 యాంపియర్లది చాలదు.

కత్తి విషయంలో పెట్టె పూర్తిగా చేతులెత్తేసింది, సానరాయే లేదు. 120 రూపాయలకు రెండు వైపులున్న కార్బోరండం రాయి దొరుకుతుంది, ఒక వైపు గరుకు, ఇంకో వైపు నున్నన. పది నిమిషాలు నీళ్ళలో నానబెట్టి, తడి గుడ్డ మీద పెడితే జారదు. అందరూ తప్పే చోటు కోణం. కత్తి వీపును రాయి నుంచి చిటికెనవేలు దూరేంత ఎత్తులో, అంటే ఒక సెంటీమీటరు పైచిలుకు లేపి, పదును వైపు ముందుకు నెడుతూ పిడి నుంచి మొన దాకా ఒక్క ఊపులో గీయాలి. ప్రతి గీతకూ ఎత్తు మారితే అంచు గుండ్రమవుతుంది, గంట రుద్దినా పదును రాదు. ఒక వైపు పదిహేను ఇరవై గీతల తర్వాత రెండో వైపు అంచును బొటనవేలితో అడ్డంగా తడిమితే, నిలువుగా కాదు, సన్నటి గరుకు తగులుతుంది. ఆ గరుకు కత్తి పొడవునా వచ్చిందంటే ఆ వైపు పని అయినట్టు. రెండో వైపూ అలాగే చేసి, నున్నటి వైపున ఐదారుసార్లు మార్చి మార్చి గీస్తే గరుకు పోతుంది. టమాటా తోలు మీద కత్తిని బరువు వేయకుండా లాగితే దిగాలి. వేపుడు ముక్కలకు కూరగాయలు తరిగేది కత్తిపీట మీదైనా పద్ధతి ఇదే, రాయిని చేత పట్టి పీటకు గీయాలి.

సింకుకు ఏ పనిముట్టూ అక్కర్లేదు. కింద నీళ్ళు నిలిచే సీసాలాంటి బాటిల్‌ట్రాప్ అడుగు గిన్నె చేత్తోనే విప్పొచ్చు. ముందు కింద బకెట్ పెట్టండి. గిన్నెలోని రబ్బరు రింగు బకెట్లో పడిపోతుంది, ఆ నీళ్ళు పారబోసేటప్పుడు అది కూడా పోతుంది, తర్వాత ఊరంతా వెతకాలి. తిరిగి బిగించాక ఒక చెంబు నీళ్ళు పోయాలి, ఆ నీళ్ళు గిన్నెలో నిలిచి మోరీ వాసన పైకి రాకుండా ఆపుతాయి. చాలా రోజులు ఊరెళ్ళి వస్తే ఇంట్లో వాసన రావడానికి కారణం అదే, గిన్నె ఎండిపోయింది.

గ్యాసుకు కూడా అంతే. కొత్త సిలిండరు మూత తీయగానే వాల్వ్ లోపల నల్ల రబ్బరు రింగు ఉందో లేదో చూడాలి, లేకపోతే రెగ్యులేటర్ పెట్టకూడదు. పెట్టాక సబ్బు నురుగు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి, అగ్గిపుల్లతో కాదు. నారింజ రంగు సురక్షా గొట్టం మీద తేదీ ముద్ర ఉంటుంది, ఐదేళ్ళకు ఒకసారి మార్చాలి. బుడగలొస్తే రెగ్యులేటర్ కట్టేసి, తీసి, సిలిండరు మూత పెట్టి, కిటికీలు తెరిచి, ఏ స్విచ్చూ వేయకుండా, ఉన్నవి ఆపకుండా, బయటికొచ్చి 1906కి ఫోను చేయాలి.

ఇప్పుడు డబ్బు లెక్క. 899 పెట్టిన పెట్టెలో నికరంగా వాడినవి పిడి, మూడు బిట్లు, టెస్టర్, ప్లేయర్, కొలత టేపు, కట్టరు, సుత్తి, ఒక అలెన్ కీ. మొత్తం పది. సాకెట్లు ఎప్పుడైనా బండికి పనికొస్తాయేమో గానీ ఇంట్లో ఒక్క నట్టుకూ అక్కరపడలేదు. రసమట్టం గాలి బుడగ పుట్టుకతోనే ఒక వైపుకు ఉంది. అదే విడిగా కొంటే 10 అంగుళాల పానా దాదాపు 400, 8 అంగుళాల కటింగ్ ప్లేయర్ 250, రెండు వైపుల మొన ఉండే స్క్రూడ్రైవర్ 120, టెస్టర్ 60, కొలత టేపు 80, టెఫ్లాన్ నాలుగు చుట్టలు 60, సానరాయి 120. మొత్తం 1090 రూపాయలు. పెట్టె కంటే 191 ఎక్కువ, కానీ పైన చెప్పిన పనులు దాదాపు అన్నీ పూర్తవుతాయి. సుత్తి ఎలాగూ ప్రతి ఇంట్లో ఉంటుంది. అద్దె గదిలో ఉండే విద్యార్థులు పానా, రాయి మానేసి మిగతావి కొనుక్కున్నా చాలు.

పానా కొనేటప్పుడు కొట్లోనే దవడను సగం తెరిచి, వేలితో అటూ ఇటూ కదిపి చూడండి. టకటకమంటూ ఊగితే పక్కన పెట్టేయండి. ప్లేయర్‌ను మూసి వెలుతురుకు ఎదురుగా పట్టండి, కోసే అంచుల మధ్య వెలుగు చార కనిపిస్తే అది వైరు కోయదు, నమిలి పెడుతుంది. కొట్టువాళ్ళు ఏమీ అనుకోరు, ‘చూసుకో స్వామీ, చూసుకో’ అని ఇంకో రెండు తీసి ముందు పెడతారు.

ఇప్పటికే పెట్టె కొనేసినవాళ్ళు 10 అంగుళాల పానా, టెఫ్లాన్, రాయి చేర్చుకుంటే సరిపోతుంది. సాకెట్లు తీసేసిన తొమ్మిది గుంతల్లో చొక్కా గుండీలు రంగుల వారీగా పెట్టుకోవచ్చు, సూదులు బిట్ల గుంతల్లో. గుండీ కుట్టేటప్పుడు మూరెడు దారాన్ని రెండు పేటలు చేసి, గుండీకీ గుడ్డకూ మధ్య ఒక అగ్గిపుల్ల పెట్టి కుట్టండి. ఒక్కో జత రంధ్రాలకు మూడు సార్లు చాలు. పుల్ల లాగేశాక గుండీ పైకి లేచి నిలుస్తుంది, ఆ సందులో దారాన్ని నాలుగైదు చుట్లు గట్టిగా చుట్టి, వెనక ముడి వేసి తెంపాలి. ఆ చుట్లు లేకుండా అదిమి కుట్టిన గుండీ కాజాలో ఇరుక్కుని, నాలుగో ఉతుకులో ఊడి వస్తుంది.